గనులు మూసిన చోట గడ్డి మొలవాలి, పులికి దారి దొరకాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మహారాష్ట్రలోని తడోబా, మన కవ్వాల్ పులుల అభయారణ్యాలను కలిపే అడవిని కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా (సంరక్షణ అటవీ ప్రాంతంగా) ప్రకటిస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2025 మే 30న జీవో 49 జారీ చేయడం, ఆదివాసీ సంఘాల ఆందోళనతో జూలై 21న దానిని నిలుపుదల చేయడం మీ పాఠకులకు తెలిసిందే. దాదాపు 1,492 చదరపు కిలోమీటర్ల అడవికి సంబంధించిన ఆ ఉత్తర్వుపై అప్పటి నుంచి జరుగుతున్న చర్చ చాలావరకు పులి ఒక పక్షం, పోడు రైతు మరో పక్షం అన్నట్టుగానే సాగుతోంది. ఆ అడవి అంచున, కొన్నిచోట్ల అడవి నడుమనే, దాదాపు నూరేళ్లుగా బొగ్గు తవ్వుతున్నామన్న సంగతికి ఆ చర్చలో దక్కవలసిన చోటు దక్కలేదు. ఉద్యోగ జీవితమంతా బొగ్గు గనుల్లో గడిపి, పదవీ విరమణ తరువాత బెల్లంపల్లిలోనే స్థిరపడినవాడిగా నేను విన్నవించదలచుకున్నది ఒక్కటే. ఈ ప్రాంతంలో అడవికి, వన్యప్రాణులకు ప్రణాళిక వేసేటప్పుడు గనులను పక్కన పెట్టి వేయడం కుదరదు. గని కోసం తీసుకున్న అడవిని తిరిగి అప్పగించే రోజున ఎన్ని మొక్కలు నాటారని అడగడం చాలదు. అక్కడ గడ్డి మొలిచిందా, దుప్పి మేసిందా, పులి దాటిపోగలిగిందా అని అడగాలి.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా తూర్పు భాగం మ్యాపును ఒకసారి ముందు పెట్టుకుంటే విషయం సులువుగా బోధపడుతుంది. ఈశాన్యాన ప్రాణహిత, దానికి ఇవతల సిర్పూర్, బెజ్జూర్, పెంచికల్‌పేట, కాగజ్‌నగర్ అడవులు ఉన్నాయి. నైరుతిన తిర్యాణి గుట్టలు, వాటిని దాటితే జన్నారం, కడెం వైపు కవ్వాల్ కోర్ (నడిమి) అడవి. ఈ రెండింటి మధ్య మంచిర్యాల నుంచి మందమర్రి, బెల్లంపల్లి, రెబ్బెన, ఆసిఫాబాద్ రోడ్, కాగజ్‌నగర్ మీదుగా బల్లార్షాకు పోయే రైలుమార్గం ఉంది. దాని వెంటే నాలుగు వరుసల జాతీయ రహదారి, దాని వెంటే పట్టణాలు, కాలనీలు వచ్చాయి. ప్రాణహిత–గోదావరి లోయలో దాదాపు 350 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న బొగ్గు పొర మన జిల్లాలో సరిగ్గా ఈ రైలుమార్గం బాటనే పట్టింది. అంటే మహారాష్ట్ర నుంచి వచ్చిన పులి కవ్వాల్ చేరాలంటే దాటవలసిన గడప ఈ బొగ్గు బెల్టే.

ఈ వలస ఎవరో ఊహించి చెబుతున్నది కాదు. 2022 అఖిల భారత పులుల గణనలో తడోబా–అంధారి అభయారణ్యంలో 97 పులులు ఉన్నట్టు తేలితే, తెలంగాణ మొత్తం మీద లెక్కకు వచ్చినవి 21. వాటిలోనూ ఎక్కువ భాగం నల్లమలలోని అమ్రాబాద్‌వే. తడోబాలో చోటు చాలక కొత్త ఆవాసం వెతుక్కుంటూ బయటపడిన పడుచు పులులు ప్రాణహితనో, పెన్‌గంగనో ఈది ఇటు వస్తున్నాయి. ఫాల్గుణ అని అటవీ సిబ్బంది పేరు పెట్టిన ఆడపులి దశాబ్దం కిందట అలాగే వచ్చి కాగజ్‌నగర్ అడవిలో పిల్లల్ని కన్నది. ఆ తరువాత వచ్చినవీ, ఇక్కడ పుట్టినవీ కాగజ్‌నగర్ చుట్టుపక్కలే తిరుగుతున్నాయి తప్ప, 2012లో 892 చదరపు కిలోమీటర్ల కోర్‌తో మనం ప్రకటించుకున్న కవ్వాల్‌లో కాపురం పెట్టడం లేదు. అప్పుడప్పుడు ఒకటి అటు వెళ్లినా నిలవడం లేదు. పులి నిలిచినచోట దానికి రక్షణ లేదు, రక్షణ ఉన్నచోట అది నిలవడం లేదు.

దీని ఫలితాన్ని మనుషులూ అనుభవిస్తున్నారు, పులులూ అనుభవిస్తున్నాయి. 2020 నవంబరులో దహెగాం, పెంచికల్‌పేట మండలాల్లో రోజుల తేడాతో ఇద్దరు యువ ఆదివాసీలు పులి దాడిలో చనిపోయారు. 2024 నవంబరు నెలాఖరులో కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర పత్తి చేనులో పనిచేసుకుంటున్న యువతిని పులి పొట్టన పెట్టుకుంది. పత్తి ఏరే రోజుల్లో మా జిల్లా కూలీలు తల వెనుక వైపు మాస్కు కట్టుకుని చేనుకు పోవలసి రావడం పత్రికల్లో ఫొటోగా చూసినవారికి వింతగా ఉండవచ్చు, ఆ కూలీల తల్లిదండ్రులకు అది వింత కాదు. మరోవైపు 2024 జనవరిలో దరిగాం అడవిలో విషం కలిపిన పశువు కళేబరాన్ని తిని పులులు చనిపోయాయి. అడవి పందుల కోసం, దుప్పుల కోసం పరిచిన కరెంటు తీగకు మంచిర్యాల జిల్లాలో అంతకుముందే పులులు బలయ్యాయి. తడోబా ఉన్న చంద్రాపూర్ జిల్లాలోనైతే 2025 మే 10న సిందేవాహి ప్రాంతంలో తునికాకు సేకరణకు వెళ్లిన ముగ్గురు మహిళలు ఒకేరోజు పులి దాడిలో ప్రాణాలు కోల్పోయారు. మన కల్లాల్లోనూ ఆ ఆకే ఎండుతుంది, ఆ పనికి వెళ్లేదీ మన ఆడవాళ్లే.

కోర్‌లో పులికి చోటు కల్పించడానికి కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్ గ్రామాలు 2024లో తమ ఇళ్లను, పొలాలను వదిలి బయటికి వచ్చాయి. 142 కుటుంబాలు తరతరాల ఊరిని విడిచాయి. ఇంత త్యాగం చేయించిన తరువాత ఆ ఖాళీ చేసిన చోటికి పులి నడిచి చేరే దారి తెరిచి ఉంచడం ప్రభుత్వ కనీస బాధ్యత. ఊళ్లు కదిలాయి కానీ దారిలో ఉన్న మట్టి గుట్టలు కదలలేదు.

మట్టి గుట్టల గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే గని పని తెలియనివారికి వాటి పరిమాణం అంత తేలికగా ఊహకు అందదు. వెనకటి భూగర్భ గనుల కాలంలో అడవికి నష్టం లేదని అనను. పైకప్పు కూలకుండా నిలబెట్టే దుంగల కోసం లెక్కలేనంత కలప నరికారు, కింద బొగ్గు తీసిన చోట పైన నేల కుంగి పగుళ్లిచ్చింది. అయినా గని కింద నడుస్తున్నప్పుడు పైన అడవి అడవిగానే ఉండేది, జంతువు ఆ మీద నుంచే తిరిగేది. 1970ల నడుమ సింగరేణిలో మొదలైన ఓపెన్‌కాస్టు పద్ధతి ఈ స్థితిని మార్చేసింది. ఇప్పుడు సంస్థ ఏటా తీసే దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గులో పదింట తొమ్మిది పాళ్లకు పైగా ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. ఒక టన్ను బొగ్గు చేతికి రావాలంటే సగటున ఐదారు ఘనపు మీటర్ల మట్టి, రాయి తవ్వి పక్కన పోయాలి. దీనినే మేం ఓబీ అంటాం. ఆ పోసిన మట్టి ఏళ్ల తరబడి పెరిగి గుట్టలవుతుంది. ఒక వైపు ఎత్తైన గుట్ట, దాని పక్కనే వందల అడుగుల లోతు గొయ్యి, రెండింటి మధ్య రాత్రింబవళ్లు తిరిగే డంపర్లు, దీపాల వెలుగు, మధ్యాహ్నం వేళ బ్లాస్టింగ్. అడవి జంతువు అటు మళ్లడానికి జంకుతుంది. ఓపెన్‌కాస్టులను బొందలగడ్డలని (శ్మశానాలని) తెలంగాణ జనం పిలిచింది కోపంతోనే కావచ్చు, చూసినవారెవరూ ఆ మాట తప్పనరు.

మా ప్రాంతంలోనే బొగ్గు తీయడం పూర్తయిన ఒక గని మట్టి గుట్ట మీదికి నేను తరచుగా వెళ్తుంటాను. కింది నుంచి చూస్తే పచ్చగానే కనిపిస్తుంది. మెట్లు మెట్లుగా చదును చేసిన బెంచీల మీద వరుసలు తప్పకుండా జామాయిల్, సుబాబుల్, అక్కడక్కడ నల్లతుమ్మ పెరిగాయి. పైకి ఎక్కి చెట్ల నడుమకు వెళ్తే కాలి కింద గడ్డి పోచ ఉండదు. ఎండిన జామాయిల్ ఆకు, దాని కింద బూడిద రంగు బంకమన్ను, అందులో పొడుచుకొచ్చిన ఇసుకరాయి పెళ్లలు మాత్రమే ఉంటాయి. మన్ను పైపొర గట్టిపడి పెచ్చు కట్టి, వాన చినుకు లోపలికి ఇంకక పక్కకు జారిపోతుంది. అంచున వాన నీరు కోసిన గండ్లు ఏటికేడు లోతవుతున్నాయి. ఆ మట్టంతా దిగువ వాగులో మేట వేయడంతో ఒకప్పుడు ఎండాకాలం దాకా నీరు నిలిచిన మడుగులు పూడిపోయాయి. ఆ చెట్ల కింద కుందేలు పెంట గానీ, దుప్పి గిట్టల గుర్తు గానీ నాకు కనిపించలేదు. సర్వే చేసిన అధికారి కాగితం మీద మాత్రం ఇది పునరుద్ధరించిన అటవీ భూమి.

లోపం ఎక్కడ జరిగిందో గనిలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. గని తెరిచేటప్పుడు మొదట తీసే మూరెడు మట్టిలోనే అడవి ప్రాణం ఉంటుంది. గరిక వేళ్లు, బోదగడ్డి విత్తులు, మోదుగ, తునికి, నల్లమద్ది మొలకలు, వాటిని బతికించే సూక్ష్మజీవులు ఆ పైమట్టిలోనే ఉంటాయి. దానిని వేరుగా కుప్ప పోసి భద్రపరచి, గుట్ట పోయడం అయ్యాక మళ్లీ పైన పరచాలని గని మూసివేత ప్రణాళికలన్నీ చెబుతాయి. ఉత్పత్తి లక్ష్యం వెనుక నుంచి తరుముతున్నప్పుడు మట్టి తవ్వే షావల్ యంత్రానికి పైమట్టి, కింది మట్టి తేడా ఉండదు, రెండూ ఒకే డంపర్‌లోకి వెళ్తాయి. అడుగున ఉండవలసిన రాతిమట్టి పైకి, పైన ఉండవలసిన సారవంతమైన మట్టి అడుగుకు పోయాక దాని మీద అడవి పెరగమంటే ఎలా పెరుగుతుంది? అందుకే గుంత తీసి, బయటి నుంచి తెచ్చిన నల్లమట్టి నింపి, ఎలాంటి నేలనైనా తట్టుకునే జామాయిల్ నాటుతారు. మొక్క బతుకుతుంది, శాతం లెక్కకు వస్తుంది.

సుప్రీంకోర్టు ఈ లోపాన్ని ఆరేళ్ల కిందటే గుర్తించింది. 2020 జనవరి 8న ఇచ్చిన ఆదేశంలో, గనుల తవ్వకం పూర్తయిన భూమిలోనూ, తవ్వకం వల్ల దెబ్బతిన్న ఇతర భూమిలోనూ తిరిగి గడ్డి పెంచి, మేత, మొక్కలు, జీవజాలం పెరగడానికి పనికివచ్చేలా చేయాలన్న షరతును గని లీజుల్లో చేర్చాలని కేంద్రాన్ని ఆదేశించింది. న్యాయస్థానం వాడిన మాట గడ్డి, వాడిన కొలమానం మేత. ఆ దృష్టి మన గుట్టల మీదికి ఇంకా ఎక్కినట్టు లేదు. ఒక పులి ఏడాది బతకడానికి దుప్పి పాటి జంతువులు సుమారు 50 కావాలి, అన్ని దుప్పులు ఏటా అందాలంటే వాటికి పది రెట్ల మంద ఆ అడవిలో ఉండాలి. ఆ మంద జామాయిల్ ఆకు తినదు. చుక్కల దుప్పికి, మనుబోతుకు గడ్డి కావాలి, కణితికి గడ్డితో పాటు రేగు, ఉసిరి, వెదురు కావాలి. అవి లేనిచోట పులి లేగదూడ మీదికి వస్తుంది, లేగదూడ పోయిన రైతు విషం కోసం వెతుకుతాడు. దరిగాం అడవిలో జరిగింది ఇదే.

ఊరికే వదిలేస్తే ప్రకృతే చూసుకుంటుందనే వాదన కూడా నేను విన్నాను. వదిలేసిన గని భూమి ఏమవుతుందో చూడాలంటే మనకు పొరుగునే చంద్రాపూర్ ఉంది. అక్కడ గనుల చుట్టూ, థర్మల్ విద్యుత్ కేంద్రం చుట్టూ సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకుంది. ఆ పొదల్లో అడవి పందులు, ఊరకుక్కలు చేరాయి, వాటి కోసం చిరుతలు, పులులు చేరాయి. 2022 ఫిబ్రవరిలో ఆ విద్యుత్ కేంద్రం కార్మికుడొకరు పులి దాడిలో చనిపోతే, ఒక్కరోజు తేడాతో పక్కనే ఉన్న దుర్గాపూర్‌లో పదహారేళ్ల బాలుణ్ణి చిరుత ఎత్తుకుపోయింది. అది అడవి కాదు, అడవికీ ఊరికీ మధ్య హద్దు చెరిగిపోయిన పొద. మనవైపు కూడా తిర్యాణి, రెబ్బెన, మందమర్రి ప్రాంతాల గని పరిసరాల్లో పులి తిరిగిందన్న వార్తలు మీ జిల్లా సంచికలోనే చదువుతున్నాం. పాత భూగర్భ గనుల ఆవరణల్లో, ఖాళీ క్వార్టర్ల మధ్య సర్కారు తుమ్మ కమ్ముకుంటోంది. కాలనీ పక్క పొదలను కొట్టించి శుభ్రంగా ఉంచడం, కాలనీకి దూరంగా అడవిని ఆనుకున్న గుట్టల మీద గడ్డీ నాటుచెట్లూ పెంచడం, ఈ రెండూ కలిసి జరగాలి. ఒకటి చేసి రెండోది వదిలితే ప్రమాదం మరింత పెరుగుతుంది.

గోతుల సంగతి కూడా ఇలాగే ఉంది. తవ్వకం పూర్తయిన క్వారీలో నిండిన నీరు పై నుంచి చూడటానికి చెరువులా ఉంటుంది, గోడలు మాత్రం నిట్టనిలువుగా ఉంటాయి. ఎండాకాలం దప్పికకు వచ్చిన పశువు అంచు నుంచి జారితే మళ్లీ పైకి రాలేదు. ఒక్క వైపునైనా గోడను ఏటవాలుగా దిద్ది, మెత్తని దారి చేసి, ఆ ఒడ్డున గడ్డి పెంచితే వేసవిలో చుట్టుపక్కల అడవికంతటికీ అదే పెద్ద నీటి వనరు అవుతుంది. గనిలో యంత్రాలు ఉండగానే ఈ పని చేయించుకుంటే ఖర్చు స్వల్పం. యంత్రాలు వెళ్లిపోయాక ఆ పని ఎవరికీ పట్టదు. గని మూసివేత అనేది చివరి ఏడాది చేసే తంతు కాకుండా గని తెరిచిన నాటి నుంచి సాగాల్సిన పని అని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

డబ్బు లేదన్న మాట ఈ విషయంలో చెల్లదు. అటవీ భూమి మళ్లించినప్పుడు గని యాజమాన్యం చెల్లించే ప్రత్యామ్నాయ వనీకరణ సొమ్ము, అడవి నికర విలువ సొమ్ము 2016 చట్టం ప్రకారం కంపా నిధికి చేరతాయి. గని మూసివేత ఖర్చుకు ముందుగానే హెక్టారుకు ఇంత అని, ఆ పనికే వాడేలా విడిగా ఉంచే ఎస్క్రో ఖాతాలో జమ చేస్తారు. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో జిల్లా ఖనిజ ట్రస్టుకు రాయల్టీలో వాటా వస్తోంది. కంపాను అటవీ శాఖ, ఎస్క్రోను బొగ్గు శాఖ, ఖనిజ ట్రస్టును కలెక్టర్ నేతృత్వంలోని కమిటీ చూస్తాయి. ఒకరి ఖర్చు ఒకరికి పట్టదు. గుట్ట మీద మొక్కలకు ఒకరు బిల్లు పెడతారు, గుట్ట కింద పూడిన చెరువుకు ఇంకొకరు పూడిక తీయిస్తారు, అదే చెరువు పక్కన పులి చంపిన ఎద్దుకు మరొకరు పరిహారం ఇస్తారు. ఒకే నేల మీద జరుగుతున్న ఈ మూడింటినీ కలిపి చూసే బాధ్యత ఎవరిమీదా లేదు. కనీసం పులి బాటలో ఉన్న గనుల వరకైనా ఈ మూడు పద్దులను ఒకే పనిప్రణాళిక కింద ఖర్చు చేయాలి. దానికి అటవీ సంరక్షణాధికారి, గని జనరల్ మేనేజర్ ఇద్దరూ సంతకం చేసి ఇద్దరూ జవాబుదారీ కావాలి.

ప్రత్యామ్నాయ వనీకరణ ఎక్కడ చేయాలన్నది కూడా ఇందులో భాగమే. నిబంధన ప్రకారం పోయిన అడవికి సమానంగా అటవీయేతర భూమినో, కొన్ని సందర్భాల్లో రెట్టింపు క్షీణించిన అటవీ భూమినో చూపాలి. ఆ భూమి ఎక్కడ దొరికితే అక్కడ మొక్కలు నాటితే విస్తీర్ణం లెక్క సరిపోతుంది గానీ, తెగిన దారి అతకదు. పైగా క్షీణించిన అటవీ భూమి అని కాగితంలో రాసిన చోట చాలాసార్లు ఎవరో ఒక కుటుంబం జొన్నో పత్తో వేసుకుని బతుకుతూ ఉంటుంది. 2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం సార్సాలలో మొక్కలు నాటే పనికి వెళ్లిన మహిళా రేంజ్ అధికారిపై దాడి జరగడం రాష్ట్రమంతా చూసింది. ఆ దాడిని ఎవరూ సమర్థించలేరు. అటువంటి ఘర్షణకు దారితీసే చోట్లనే మళ్లీ మళ్లీ మొక్కల కోసం ఎంచుకోవడం కూడా సమర్థనీయం కాదు. వనీకరణకు తొలి ప్రాధాన్యం బొగ్గు అయిపోయిన గని భూములకు, పులి బాటను ఆనుకుని ఉన్న మట్టి గుట్టలకు ఇస్తే పోడు రైతును కదిలించవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

జీవో 49 విషయంలో ఆదివాసీల అభ్యంతరాన్ని నేను అడవికి వ్యతిరేకతగా భావించడం లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 36ఏ సెక్షన్ కింద కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించే ముందు స్థానిక ప్రజలతో సంప్రదింపులు జరపాలని చట్టమే చెబుతోంది. 339 గ్రామాలకు సంబంధించిన నిర్ణయం ఊరికి తెలిసింది ఉత్తర్వు వెలువడ్డాకనే అయితే, గ్రామాలను ఖాళీ చేయించబోమని మంత్రులు ఎంత చెప్పినా నమ్మకం కుదరదు. కన్జర్వేషన్ రిజర్వులో గ్రామాలను తరలించాలన్న నిబంధన చట్టంలో లేదన్నది నిజం. అయితే పోడు కేసులు, కందకాలు, కూల్చిన గుడిసెలు చూసినవారికి చట్టం పాఠం కన్నా అనుభవమే ముందు గుర్తొస్తుంది. పైగా వారు అడిగే ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవారు లేరు. మా ఊరి పశువులు అడవిలోకి పోతే పులికి ఇబ్బంది అంటున్నారు, మరి రాత్రంతా తిరిగే డంపర్ల వల్ల ఇబ్బంది లేదా అని వారు అడుగుతున్నారు. నాలాంటి గని మనిషికి ఆ ప్రశ్న గుచ్చుకుంటుంది. నిబంధనలు ఉంటే ఇద్దరికీ ఉండాలి, ముందుగా పెద్ద యంత్రాలున్నవారికి ఉండాలి.

గోండు, కోలాం, నాయక్‌పోడ్ పల్లెల్లో ఏ వాగు ఒడ్డున ఏ గడ్డి మొలుస్తుందో, ఏ నెలలో కంకి వేస్తుందో, మనుబోతులు ఏ మిట్ట మీద పొద్దుగూకులా మేస్తాయో చెప్పగలవారు ఇప్పటికీ ఉన్నారు. గుట్టల మీద చల్లడానికి స్థానిక గడ్డి విత్తనం కావాలంటే బయటి నర్సరీల్లో దొరకదు, వీరే సేకరించి ఇవ్వగలరు. తునికాకు సీజను తప్ప ఏడాదిలో మిగతా రోజుల్లో అటవీ ఆదాయం అంతగా లేని ఆ పల్లెలకు ఇది స్థిరమైన పని అవుతుంది. గడ్డి విత్తనం సేకరణ, గుట్టల మీద చల్లడం, మూడు నాలుగేళ్లు పశువులు తొక్కకుండా కాపలా, తరువాత కోత కోసుకునే హక్కు, ఇవన్నీ గ్రామసభ తీర్మానంతో అదే ఊరి సంఘానికి అప్పగించవచ్చు. పశువుల మేతకు కోసుకునే గడ్డి గుట్ట మీద దొరికితే పశువు అడవి లోతుకు వెళ్లే అవసరం తగ్గుతుంది, పులికీ మనిషికీ ఎదురుపడే సందర్భాలూ తగ్గుతాయి.

బొగ్గు ఆపమని నేను అడగడం లేదు. సింగరేణిలో దాదాపు 40 వేల మంది ఉద్యోగులు, వేలాది మంది కాంట్రాక్టు కార్మికులు, వారి మీద ఆధారపడిన పట్టణాలు బొగ్గు మీదే బతుకుతున్నాయి. నా పిల్లలు చదువుకున్నదీ ఆ జీతంతోనే. అయితే పులి బాట బాగా ఇరుకైన చోట్ల, అంటే రెండు వైపులా అడవి ఉండి మధ్యలో కొద్దిపాటి మెడలాంటి దారి మాత్రమే మిగిలిన చోట, కొత్త ఓపెన్‌కాస్టుకు అనుమతి ఇవ్వకూడదు. అక్కడ బొగ్గు తీయవలసే వస్తే భూగర్భ పద్ధతిలోనే తీయాలి. ఖర్చు ఎక్కువన్నది నిజమే. ఓపెన్‌కాస్టు ఖర్చులో పోయిన అడవిని, పూడిన వాగును, చనిపోయిన మనిషిని కలపడం లేదు కాబట్టే అది చవకగా కనిపిస్తోంది. పులుల అభయారణ్యాలను కలిపే అటవీ ప్రాంతాలను పర్యావరణానికి చెరుపు చేసే పనులకు మళ్లించాలంటే జాతీయ వన్యప్రాణి మండలి అనుమతి, జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ సలహా ఉండాలని వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38ఓ సెక్షన్ ఇప్పటికే చెబుతోంది. ఆ నిబంధనను గని లీజుల విస్తరణ విషయంలో తూచ తప్పక పాటిస్తే కొత్త చట్టాల అవసరమే ఉండదు.

నడుస్తున్న గనుల్లో వెంటనే చేయగలిగినవి కూడా ఉన్నాయి. అడవి మీదుగా పోయే బొగ్గు రవాణా దారుల్లో రాత్రి పదింటి నుంచి తెల్లవారుజాము దాకా లారీలను ఆపవచ్చు, ఆ మేరకు పగటి ట్రిప్పులు పెంచుకోవచ్చు. గనికి వెళ్లే విద్యుత్ లైన్లు, ఊళ్లకు వెళ్లే లైన్లు అడవిలో నుంచి పోయేచోట తొడుగున్న తీగలు వేస్తే వేటగాడు కొక్కెం తగిలించే అవకాశం పోతుంది. దారులు కల్పిస్తే జంతువులు వాడుకుంటాయా అన్న అనుమానం ఎవరికైనా ఉంటే, మహారాష్ట్రలోని పెంచ్ అడవిలో 44వ జాతీయ రహదారిని 9 చోట్ల ఎత్తు మీదికి లేపి కింద వదిలిన దారులను చూడవచ్చు. పులులతో సహా పలు జంతువులు వాటి కింద నుంచి దాటుతున్నట్టు కెమెరాల్లో నమోదైంది. మంచిర్యాల–చంద్రాపూర్ రహదారి విస్తరణలోనూ అలాంటి నిర్మాణాలు చేపట్టారు. కానీ రోడ్డు కింద దారి వదిలి, అది దాటగానే ఎదురుగా మట్టి గుట్ట నిలబెడితే ఆ ఖర్చు వృథా. రోడ్డు వేసేవారి మ్యాపు, బొగ్గు తవ్వేవారి మ్యాపు, అటవీ శాఖ మ్యాపు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసినప్పుడే ఇది తెలుస్తుంది.

నా విన్నపం కూడా ఆ మ్యాపు దగ్గరికే వస్తుంది. జీవో 49ను మళ్లీ పరిశీలించే ముందు మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లోని గని లీజులు, మూసిన గనులు, మట్టి గుట్టలు, ప్రతిపాదిత లీజులు, పులి తిరిగిన దారులు, అటవీ హక్కుల పట్టాలు, పోడు భూములు అన్నీ ఒకే కాగితం మీద చూపించే మ్యాపును ప్రభుత్వం తెలుగులో ప్రచురించాలి. ప్రతి గ్రామసభలో దానిని గోడకు అంటించి, గోండి, కోలామీ తెలిసినవారితో వివరంగా చదివి వినిపించాలి. బొగ్గు తీయడం పూర్తయిన ప్రతి ఓపెన్‌కాస్టులోనూ మూసివేత పనులను ఏడాదికి ఒకసారి, వానలు వెనుకబట్టాక, గడ్డి బాగా ఎదిగి ఉన్న రోజుల్లో, అటవీ శాఖ, గని యాజమాన్యం, గ్రామసభ ప్రతినిధులు కలిసి నడిచి చూసి, చూసినదేమిటో రాసి పత్రికలకు ఇవ్వాలి. ఆ నివేదికలో నాటిన మొక్కల సంఖ్యతో పాటు గడ్డి పరుచుకున్న విస్తీర్ణం, పైమట్టి పరిచిన విస్తీర్ణం, కనిపించిన జంతువుల గుర్తులు, వాగులో మేట లోతు కూడా ఉండాలి. ఎస్క్రో ఖాతాలోని సొమ్మును విడుదల చేయడానికి ఆ నివేదికనే ఆధారం చేయాలి.

మీ పత్రిక జిల్లా విలేకరులు ఈ గుట్టల మీదికి ఒకసారి ఎక్కి చూసి రాస్తే, సంబంధిత శాఖల నుంచి జవాబు రాబట్టడం మాలాంటి పాఠకులకు సులువవుతుంది. మంచిర్యాల, ఆసిఫాబాద్ కలెక్టర్లు, కవ్వాల్ ఫీల్డ్ డైరెక్టర్, గని ఏరియాల జనరల్ మేనేజర్లు ఈ మ్యాపు విషయంలో తమ వైఖరి ఏమిటో మీ పత్రిక ద్వారా తెలియజేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గని ఉద్యోగి,
బెల్లంపల్లి, మంచిర్యాల జిల్లా.